ఏడాది దాటిన పాపకు ఇంట్లో ఉన్న వస్తువులతో ఏ బొమ్మలు చేయవచ్చు?

ప్రశ్న:
మా పాపకు 14 నెలలు. కొనిపెట్టిన బొమ్మలన్నీ పక్కకు నెట్టేసి, వంటింట్లోకి వచ్చి మూతలు, గరిటెలు లాగి ఆడుకుంటోంది. అందుకే పాత చీరలు, ఖాళీ డబ్బాలు, కొబ్బరి చిప్పలతోనే ఏమైనా చేసి ఇద్దామనుకుంటున్నాను. చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు కనుక, ఏవి ఇవ్వవచ్చో, ఏవి కూడదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
అమ్మా, మా మనవడికి ఆ వయసులో అన్నిటికన్నా నచ్చింది పాలపొడి డబ్బా. దాని ప్లాస్టిక్ మూతకు పొడవాటి చీలిక కోసి, పచ్చడి సీసాల వెడల్పాటి మూతలను ఒక్కొక్కటిగా అందులో వేయడం నేర్పాను. మూత అడుగున పడి ఠంగుమని మోగగానే వాడు నా ముఖంలోకి చూసి నవ్వేవాడు, అన్నీ అయిపోయాక కుమ్మరించమని డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. ఈ వయసు పిల్లలకు బొమ్మ అందం కంటే దానితో చేయడానికి ఒక పని ఉండటమే ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది. రేకు అంచు పదునుగా ఉంటే మాత్రం ఆ డబ్బా వద్దు.

మెత్తబడిన నూలు చీరతో బంతి కుట్టి, లోపల పేలికలు కూరి, రెండు వరుసల కుట్టు వేయండి. గుడ్డ బొమ్మ చేస్తే కళ్ళకు గుండీలు, పూసలు పెట్టకుండా నల్లదారంతోనే కుట్టండి.

జవాబు 2:
గిలక్కాయ కోసం సీసాలో చింతపిక్కలో శనగలో పోసి మూత బిగించి ఇస్తుంటారు. దయచేసి అది చేయకండి. మూత ఊడితే ఒక్క గింజ చాలు, ఊపిరి అందకుండా పోవడానికి. మోత కావాలంటే రెండు కొబ్బరి చిప్పల పీచు గీకి, గరుకు కాగితంతో నునుపు చేసి, ఒకదానితో ఒకటి కొట్టుకోనివ్వండి.

మూడేళ్ళ లోపు పిల్లల విషయంలో, సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పొట్టి గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువును గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నదిగా లెక్కిస్తారు. ఇంట్లో 4 సెంటీమీటర్లను హద్దుగా పెట్టుకోవడం మేలు. లాగే బండికి తాడు కడితే జానెడు మించకూడదు, లేకపోతే మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంటుంది.

జవాబు 3:
ముంజలు తిన్నాక మిగిలే తాటిబుర్రలతో మేము బండి చేసుకునేవాళ్ళం. రెండు బుర్రలను పుల్లతో కలిపి, పంగల కర్రతో తోసుకుంటూ వీధంతా తిరిగేవాళ్ళం. ఆ కర్ర కంటికి తగలవచ్చు కనుక, మీ పాపకు నాలుగైదేళ్ళు వచ్చేదాకా ఆగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే స్కేలు పెట్టి మూతలన్నీ కొలిచాను. నీళ్ళ సీసాల మూతలన్నీ 4 సెంటీమీటర్ల లోపే ఉన్నాయి, నిన్నటిదాకా పాప ఆడుకున్నవి అవే, తీసి పారేశాను. పచ్చడి సీసాల మూతలు ఆరు మిగిలాయి. డబ్బా మూతకు ఈ రాత్రే చీలిక కోస్తాను.