శాంటాక్రూజ్ కోవెల్స్‌లో రద్దీ: ఎక్కడ కూర్చోవాలి, ఎటు తప్పుకోవాలి?

ఫ్రీమాంట్_కుర్రాడు

అందరికీ నమస్తే. వచ్చే శనివారం ఆరుగురం సర్ఫింగ్‌కి కాలిఫోర్నియా శాంటాక్రూజ్‌లోని కోవెల్స్ బీచ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికి అల వెంట పక్కకి వెళ్లడం వచ్చు. మిగతా నలుగురికి నురుగులో లేచి నిలబడడం వరకే వచ్చు. అందరివీ అద్దె ఫోమ్ బోర్డులే, 8, 9 అడుగులవి. ఏ వీడియో చూసినా ఒకటే మాట, "ఒకరు ఎక్కిన అల మీదికి ఇంకొకరు దిగొద్దు" అని. అది అర్థమైంది. కానీ అంతమంది ఉన్న చోట ఎక్కడ కూర్చోవాలి, లోపలికి ఏ దారిన వెళ్లాలి, ఎదురుగా ఎవరైనా దూసుకొస్తే ఎటు తప్పుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పొద్దుటి_ఆటు

మూడింట్లో దారి సంగతి ముందు చూసుకోండి. అక్కడ అరుపులు ఎక్కువగా వినపడేది తిరిగి లోపలికి వెళ్లేవాళ్లు అడ్డం పడినప్పుడే.

ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే కుడి చేతి వైపు కొండ అంచు, దాని చివర లైట్‌హౌస్ పాయింట్. ఎడమ చేతి వైపు వార్ఫ్, అంటే స్తంభాల మీద సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెన. అల లైట్‌హౌస్ వైపు మొదట విరిగి, ఆ విరగడం వార్ఫ్ వైపు పాకుతూ వస్తుంది. అంటే లోపలికి వెళ్తున్న మీకు అల ఎక్కినవాళ్లంతా కుడి నుంచి ఎడమకి వస్తుంటారు. మెట్లు దిగగానే కనిపించే గుంపు వైపు నేరుగా పాడిల్ చేశారంటే (బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ పోయారంటే) వాళ్ల దారికి అడ్డంగా పోతున్నట్టే. ఇసుక మీదే వార్ఫ్ వైపు నడిచి, అల విరగడం ఆగిపోయే చోటు దాటాక నీళ్లలో దిగండి. స్తంభాలకి మాత్రం బాగా దూరంగా ఉండండి. అక్కడి నుంచి వార్ఫ్ వెంబడే సముద్రం లోపలికి పోయి, అలలు విరిగే గీత దాటిన తర్వాత లైట్‌హౌస్ వైపు తిరగండి. చుట్టుదారే, అయినా నురుగు దెబ్బలు తప్పుతాయి కాబట్టి చేతులు తక్కువ అలుస్తాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకసారి మధ్యలో ఇరుక్కుంటారు. ఎదురుగా అల మీద మనిషి వస్తుంటే, అతని ముందున్న నున్నటి నీళ్ల వైపు పారిపోదామనిపిస్తుంది. అతను వెళ్లేదీ అటే. మీరు అతని వెనక, అల అప్పటికే విరిగిన తెల్ల నురుగు వైపు తిరగాలి, అంటే మీ కుడికి. నురుగు మీ మీద పడుతుంది, కొంత దూరం వెనక్కి కొట్టుకుపోతారు. ఆ నష్టం మీరే భరించాలి, ఎందుకంటే తప్పుకునే బాధ్యత లోపలికి వెళ్లేవాడిది. తిరగడానికి సమయమే లేకపోతే ఉన్నచోటే ఆగిపోండి. ఆగిన మనిషిని చూసి అతను పక్కకి తిప్పుకోగలడు. ఇటు రెండు చేతులు, అటు రెండు చేతులు వేసేవాడిని ఎవరూ తప్పించలేరు.

నీలిమ_పడమటితీరం

పై దారి నూటికి నూరుపాళ్లు సరైంది. అల ఎవరిది అన్నది నేను చెబుతాను.

అల మొదట విరిగే చోటుని పీక్ అంటాం కదా, దానికి ఎవరు దగ్గరగా ఉండి లేచారో అల వాళ్లది. మీరు ఒడ్డుకి ఎంత దూరంగా కూర్చున్నారు, ఎంతసేపటి నుంచి కాచుకున్నారు అనేవి తర్వాత. కోవెల్స్‌లో అల పట్టడానికి ఒడ్డు వైపు తిరిగారంటే పీక్ మీ ఎడమ పక్కన ఉంటుంది. అందుకని పాడిల్ మొదలుపెట్టే ముందు ఒకసారి, లేచే ముందు ఇంకోసారి ఎడమ భుజం మీదుగా చూడండి. రెండో చూపే చాలామంది ఎగ్గొడతారు. మొదట చూసినప్పుడు ఖాళీగా ఉన్న అల మీద, మీరు నాలుగైదు చేతులు వేసేలోపు పీక్ వైపు ఉన్నవాడు లేచి నిలబడి ఉంటాడు. అతను కనిపిస్తే వెంటనే వెనక్కి జరిగి బోర్డు తోక మీద కూర్చోండి. ముక్కు పైకి లేస్తుంది, బోర్డు ఆగిపోతుంది, అల కింద నుంచి వెళ్లిపోతుంది. ఇది రెండు సెకన్లలో చేయడం రానివాళ్లు ఇంకా లైనప్‌లో (అల కోసం కాచుకునే వరసలో) కూర్చోకూడదని నా గట్టి అభిప్రాయం.

అల అందక మిగిలిపోయినవాళ్లకి ఒక బుద్ధి పుడుతుంది, పక్కవాడిని చుట్టి వచ్చి పీక్‌కి ఇంకాస్త దగ్గరగా కూర్చోవడం. దీన్ని స్నేకింగ్ అంటారు. నియమం ప్రకారం అల మీకే చెందినా, ఒక్కసారి చేస్తే చాలు, అక్కడున్న పదిమందీ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. అల పూర్తిచేసి వచ్చాక వరస చివర, వార్ఫ్ వైపు కూర్చుని, ముందున్నవాళ్లు వెళ్తున్నకొద్దీ పీక్ వైపు జరగండి.

లైట్‌హౌస్ పాయింట్ దగ్గరి స్టీమర్ లేన్ వైపు మాత్రం ఎవరూ వెళ్లకండి. అక్కడ స్లాట్ అనే చోట అల కొండ పక్కనే విరుగుతుంది. మిడిల్ పీక్, ఇండికేటర్స్ కూడా ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్ల చోట్లు. కానీ కొండ పైన కటకటాల దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు చూడండి. వరస ఎలా తిరుగుతుందో, ఎవరు ఎవరికి వదులుతున్నారో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అక్కడే నియమాల పలక కూడా ఉంది: ముందు ఎక్కినవాడిదే అల, అలని చుట్టి వెళ్లు, బోర్డు వదలకు, తోటివాళ్లకి సాయపడు. ఈ నాలుగే.

లాంగ్‌బోర్డు_రావు

ఆ పలక మీద మూడోది, బోర్డు వదలకపోవడం, కొత్తవాళ్లు పట్టించుకోరు. లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) ఉంది కదా అని పెద్ద నురుగు రాగానే బోర్డుని వెనక్కి విసిరేసి తాము మునుగుతారు. లెక్క వేయండి. బోర్డు 9 అడుగులు, లీష్ 9 అడుగులు. మీ వెనక 18 అడుగుల దాకా ఆ బోర్డు పోయి ఎవరి మొహానికైనా తగలొచ్చు. లీష్ సాగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. రద్దీ రోజున ఆ 18 అడుగుల్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు.

అంత పెద్ద ఫోమ్ బోర్డుని నీళ్లలోకి ముంచి డక్ డైవ్ చేయడం కుదరదు. టర్టిల్ రోల్ నేర్చుకుని రండి. నురుగుకి నేరుగా ఎదురు తిరగాలి. ఒక బోర్డు పొడవు దూరంలో ఉండగా రెండు అంచులూ భుజాల దగ్గర గట్టిగా పట్టుకుని బోర్డుతో సహా తిరగబడాలి. మీరు కింద, బోర్డు పైన. నురుగు తగిలే క్షణంలో ముక్కుని కొంచెం కిందికి, అల లోపలికి లాగాలి. దాటగానే మళ్లీ తిరగాలి. బోర్డు ఏటవాలుగా ఉంటే మాత్రం నురుగు దాన్ని చేతుల్లోంచి లాగేస్తుంది. ముందు రోజు ఈత కొలనులోనో, అదే రోజు నడుము లోతు నీళ్లలోనో పదిసార్లు చేసి చూడండి.

నడిచి వెళ్లేటప్పుడూ ఒక సంగతి. బోర్డుని మీకూ అలకీ మధ్య అడ్డంగా ఎప్పుడూ పెట్టుకోకండి, నురుగు దాన్ని తెచ్చి మీ పొట్టకో పళ్లకో కొడుతుంది. పక్కన, ముక్కు అల వైపు ఉండాలి.

పడేటప్పుడు తలకిందులుగా దూకొద్దు. వెల్లకిలానో పక్కకో వీలైనంత చదునుగా పడండి. పైకి వచ్చేటప్పుడు మోచేయి మొహానికి అడ్డం పెట్టుకోండి. సాగిన లీష్ బోర్డుని తిరిగి మీ మీదికే లాగుతుంది. వెట్‌సూట్లకు (చలి నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్లకు) పేరుపడ్డ జాక్ ఓనీల్ 1971లో ఎడమ కన్ను పోగొట్టుకున్నది ఇలా లీష్ వెనక్కి కొట్టడం వల్లే. అప్పటి లీష్‌లు ఇప్పటివాటికన్నా ఎక్కువ సాగేవి, అయినా ప్రమాదం అదే.

అద్దె కొట్టులోనే ఇవి చూసుకోండి: లీష్ పట్టీ వెల్క్రో పూర్తిగా అంటుకుంటోందా, త్రాడు మీద గాట్లు ఉన్నాయా, స్వివెల్ (త్రాడు మెలిపడకుండా తిరిగే కీలు) తిరుగుతోందా, ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) చేత్తో ఊపితే కదులుతున్నాయా. ఏది బాగోలేకపోయినా బోర్డు మార్చమనండి.

ఫ్రీమాంట్_కుర్రాడు

రావు గారూ, చాలా థాంక్స్. ఇంకో సందేహం. కోవెల్స్ వీడియోల్లో ఒకే అల మీద నలుగురైదుగురు కలిసి వెళ్తూ నవ్వుతున్నారు. మరి అది నియమానికి విరుద్ధం కాదా?

లాంగ్‌బోర్డు_రావు

కోవెల్స్‌లో అది మామూలే. అల మెత్తగా, నిదానంగా, చాలా పొడవుగా పోతుంది. అందరూ ఒకే దిక్కుకి ఒకే వేగంతో వెళ్తే ఇబ్బంది లేదు.

నీలిమ_పడమటితీరం

రావు గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. కలిసి వెళ్లడం ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే. పీక్ వైపున్న మనిషి "రా, రా" అని పిలిచినా, ముందే మాట్లాడుకున్నా సరే. లేకపోతే అది ఒకరి అల మీదికి దిగడమే. పైగా కొత్తవాళ్లకి బోర్డు తిప్పడం రాదు, నేరుగా ఒడ్డుకి పోతారు. వెనక నుంచి పక్కకి వస్తున్నవాడికి వీళ్లు అడ్డుగోడ అవుతారు. ఇలా కలిసి వెళ్లే పార్టీ వేవ్‌లో గాయాలు అయ్యేది అక్కడే. దిక్కు మార్చగలిగినవాళ్లే అందులో చేరాలి.

లాంగ్‌బోర్డు_రావు

నేరుగా పోయేవాళ్ల విషయం ఒప్పుకుంటాను. నురుగులో ఉండాల్సిన నలుగురూ దాని జోలికి పోవద్దు. పెద్ద బోర్డులవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మన బోర్డుతో అల ఇంకా లేవకముందే, అందరికన్నా ఒడ్డుకి దూరంగానే పట్టేయొచ్చు. పట్టగలం కదా అని ప్రతి సెట్‌లో (వరసగా వచ్చే పెద్ద అలల గుంపులో) మొదటిదీ మనమే తీసుకుంటే ఒడ్డుకి దగ్గరగా చిన్న బోర్డులతో కాచుకున్నవాళ్లకి ఏమీ మిగలదు. ఒకటి తీసుకుంటే రెండు వదలండి.

పొద్దుటి_ఆటు

ఆరుగురు ఒక్క గుంపుగా వెళ్లి కూర్చోకండి. ఆరుగురు ఒకేసారి వచ్చి చేరితే అప్పటిదాకా సాఫీగా తిరుగుతున్న వరస తెగిపోతుంది. పక్కకి వెళ్లడం వచ్చిన ఇద్దరూ లైనప్ చివర, అది రాని నలుగురూ ఒడ్డు వైపు నురుగులో, ఒకరికొకరు రెండు బోర్డుల ఎడంతో. హెచ్చరికలు మాత్రం ఇంగ్లీషులోనే అరవండి, "గోయింగ్ రైట్", "లుక్ అవుట్" అని. మనలో మనం తెలుగులో కేకలేసుకుంటే పక్కవాడికి అపాయం తెలియదు.

పొరపాటున ఎవరి అల మీదికైనా దిగితే వెంటనే అల వెనక్కి తప్పుకుని, తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి "సారీ, చూసుకోలేదు" అనండి. అక్కడితో అయిపోతుంది. మొహం తిప్పుకుని వెళ్తేనే ముదురుతుంది.

చలిని కూడా లెక్కలో పెట్టుకోండి. నీళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం 11 నుంచి 15 డిగ్రీల మధ్యే. 4/3 మందం (ఒంటికి 4, చేతులకీ కాళ్లకీ 3 మిల్లీమీటర్లు) వెట్‌సూట్ తీసుకోండి. గంటన్నర దాటాక వేళ్లు మొద్దుబారి బోర్డు అంచు పట్టు జారుతుంది, వదిలేసిన బోర్డులు ఎక్కువ కనిపించేది అప్పుడే. వణుకు మొదలైతే బయటికి వచ్చేయండి.

రుషికొండ_వాసి

నాదో పక్క ప్రశ్న. మా వైజాగ్‌లో రుషికొండ దగ్గర ఇప్పుడు సర్ఫింగ్ నేర్పుతున్నారు. ఇవే నియమాలు అక్కడా సరిపోతాయా?

నీలిమ_పడమటితీరం

కొంతవరకే. కోవెల్స్‌లో అల ఒకే చోట మొదలై ఒకే వైపు పోతుంది. రుషికొండ ఇసుక తీరం, కెరటం విరిగే చోటు ఇసుక దిబ్బలతో పాటు మారుతుంది, రెండు వైపులా విరుగుతుంది. అందుకని పీక్‌కి చెరో పక్క ఉన్న ఇద్దరూ "నేను కుడి, నువ్వు ఎడమ" అని ముందే అనుకుంటే ఒక్క కెరటం ఇద్దరికీ వస్తుంది.

అక్కడ అసలు రద్దీ స్నానాలకి దిగినవాళ్లది. వాళ్లకి మన నియమాలు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. గుంపుకి కనీసం యాభై అడుగులు పక్కన దిగండి. ఒడ్డుకి వచ్చేటప్పుడు మోకాలి లోతులోనే బోర్డు చంకలో పెట్టుకోండి. నీళ్ల మీద వదిలితే ఒడ్డు కెరటం దాన్ని అడ్డంగా తిప్పి పిల్లల కాళ్లకి కొడుతుంది. మత్స్యకారులు అలివి వల లాగుతుంటే ఆ రెండు తాళ్ల మధ్యకి అసలు వెళ్లొద్దు. పడవ ఒడ్డుకి వస్తుంటే దారి వాళ్లదే.

డింగ్_డాక్టర్

ఢీకొన్నాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ముందు మనిషిని చూడాలి. తలకో మెడకో తగిలితే, మాట తడబడితే, ఇంక ఆ రోజుకి నీళ్లు చాలు, ఒడ్డుకి తీసుకెళ్లి లైఫ్‌గార్డుని పిలవండి. తర్వాత బోర్డు. అల మీదికి దిగినవాడో, బోర్డు వదిలేసినవాడో మరమ్మతు ఖర్చు ఇవ్వడం ఆనవాయితీ. అద్దె ఫోమ్ బోర్డుకి ఏమైనా అయితే తిరిగి ఇచ్చేటప్పుడు మీరే చూపించండి.

ఎదుటివాడిది గట్టి బోర్డు అయి పగులు పడితే వెంటనే బయటికి తేవాలి. ముఖ్యంగా ఈపీఎస్ ఫోమ్ (థర్మాకోల్ లాంటిది) నీళ్లు త్వరగా పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరాకే రెజిన్ (గట్టిపడే జిగురు) వేయాలి, తడి మీద వేస్తే లోపల నీళ్లు ఉండిపోయి తర్వాత ఊడొస్తుంది. ఈపీఎస్ బోర్డుకి ఎపాక్సీ రెజినే వాడాలి. పాలిస్టర్ రెజిన్ తగిలితే ఆ ఫోమ్ కరిగిపోతుంది. ఎండకి గట్టిపడే రెజిన్ అయితే నీడలో పూసి, సరిచేసుకున్నాకే ఎండలో పెట్టండి.

ఫ్రీమాంట్_కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం ఆటు పొద్దున 9.40కి ఉంది. సరిగ్గా ఆ సమయానికి దిగుదామా?

పొద్దుటి_ఆటు

కోవెల్స్ నీళ్లు తగ్గినప్పుడే బాగా పనిచేస్తుందని ఊరందరికీ తెలుసు, 9.40కి అందరూ అక్కడే ఉంటారు. మధ్యాహ్నం గాలి లేచి మిగతా తీరాలు పాడైతే జనం మళ్లీ ఇటే వస్తారు, ఎందుకంటే కొండ అంచు వాయవ్య గాలిని ఆపుతుంది. మీరు 7.30కి నీళ్లలో ఉండేలా రండి. శాంటాక్రూజ్ వచ్చే హైవే 17 మీద పొద్దున్నే రద్దీ ఉండదు. రెండు రోజుల ముందు పెద్ద వాన పడి చోటు ఖాళీగా కనిపిస్తే మురిసిపోకండి. వాన తర్వాత 72 గంటలు కాలువల మురికి సముద్రంలో ఉంటుంది, దిగకపోవడమే మంచిది.

9.40 దాటాక పోటు ఎక్కుతుంది. అలలు మెత్తబడి ఒడ్డుకి దగ్గరగా విరగడం మొదలవుతుంది. ఒడ్డుకి దూరంగా కూర్చున్న పెద్ద బోర్డులవాళ్లు ఒడ్డు వైపు జరుగుతారు, అంటే మీ నలుగురూ నేర్చుకుంటున్న చోటికే. పదిన్నరకల్లా ఆ నలుగురిని ఇసుక మీదికి తెచ్చేయండి. మిగతా ఇద్దరూ కావాలంటే ఇంకో అరగంట ఉండొచ్చు.