తుప్పు పట్టిన ఫ్రేమ్ ఉచితంగా మార్చారని టొయోటానే నమ్ముకోవాలా?

నోవై వాసు:
అందరికీ నమస్కారం. మిషిగన్‌లో ఉంటాం. మట్టి, మల్చ్, స్నో బ్లోయర్ మోయడానికీ, ఉగాదికి గుడి వంట గిన్నెలు తేవడానికీ ఒక పాత పికప్ కావాలి. 2009 టొయోటా టకోమా ఒకటి చూశాను. ఇంజన్ బాగుంది, సీట్లు కూడా చిరగలేదు. కానీ బండి మొదటి నుంచీ న్యూయార్క్ రాష్ట్రంలోనే, చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీదే తిరిగింది. కింద టార్చి వేసి చూస్తే ఫ్రేమ్ (బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం) వెనక భాగం పొరలు పొరలుగా లేచింది. మా ఆఫీసులో టొయోటా అభిమాని ఒకాయన ఉన్నాడు. "తుప్పు పట్టిన ఫ్రేములు ఉచితంగా మార్చిచ్చిన కంపెనీ అది, కళ్లు మూసుకుని తీసుకో" అంటున్నాడు. నా అనుమానం ఏమిటంటే, అన్నేసి ఫ్రేములు మార్చాల్సి వచ్చిందంటే ఆ కంపెనీని నమ్మాలా, భయపడాలా?

బఫలో బాబ్జీ:
నమ్మాలి. వాసు గారూ, పాత సంగతి ఒకటి చెబుతా. 1995 నుంచి 2000 వరకు వచ్చిన టకోమాల ఫ్రేములు కుళ్లిపోతుంటే 2008లో టొయోటా వాటి తుప్పు వారంటీని 15 ఏళ్లకు పెంచింది. ఎన్ని మైళ్లు తిరిగిందన్న లెక్క లేదు. మరీ పాడైన బండ్లను బ్లూ బుక్ (పాత బండ్ల మార్కెట్ ధరల పట్టిక) ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి తీసుకుంది. పదేళ్లు వాడుకున్న ట్రక్కుకి మార్కెట్ ధర కంటే ఎక్కువ ఇచ్చిన కంపెనీ ఇంకోటి ఉంటే చూపించండి. మా ఊళ్లో మంచు నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా పోదు. ఇక్కడ అన్ని కంపెనీల బండ్లూ తుప్పు పడతాయి. పట్టాక ఎవరు ఫోన్ ఎత్తుతారన్నదే లెక్క.

చిన్నక్షరాలు:
బాబ్జీ గారు కథ సగంలో ఆపేశారు. మిగతాది నేను చెబుతా. ఆ తర్వాత వచ్చిన మోడళ్లకూ అదే జబ్బు. టొయోటా వాళ్లవే 2005-2010 టకోమా, 2007-2008 టండ్రా, 2005-2008 సెకోయా బండ్ల యజమానులు కోర్టుకెక్కారు. 2016లో రాజీ కుదిరింది. సుమారు 15 లక్షల బండ్లు, ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా. తప్పు తమదని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. దీన్ని మంచితనం అంటారా, కోర్టు ఖర్చు అంటారా మీ ఇష్టం.

వాసు గారికి అసలు పనికొచ్చే ముక్క ఇది: ఆ రాజీలో గడువు బండి మొదట అమ్మిన రోజు నుంచి 12 ఏళ్లు. 2009 బండికి అది ఎప్పుడో 2021 ప్రాంతంలో ముగిసింది. మీ ఆఫీసాయన చెప్పే "ఉచితం" ఇప్పుడు మీకు రాదు. ఆ పేరు చూపించి అమ్మేవాడు ధర మాత్రం పెంచుకుంటాడు.

బఫలో బాబ్జీ:
ఆ ఫ్రేములు టొయోటా సొంతంగా చేసినవి కాదండీ. పాత టకోమాల ఫ్రేములు డానా అనే కంపెనీ సరఫరా చేసింది. 2011లో డానా ఆ గొడవ తెంచుకోవడానికి టొయోటాకు 2.5 కోట్ల డాలర్లు కట్టింది కూడా.

చిన్నక్షరాలు:
నేను డబ్బు కట్టింది డానాకా? గ్రిల్ మీద ఎవరి బొమ్మ ఉందో వాళ్లదే బాధ్యత.

డియర్‌బోర్న్ రాజు:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే సరదాగానే ఉంది గానీ, ఫోర్డ్ ఎఫ్-150 తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు కదా. 2015 మోడల్ నుంచి బాడీ మొత్తం అల్యూమినియం. అసలు తుప్పే పట్టదు. 1977 నుంచి అమెరికాలో ఎక్కువ అమ్ముడుపోయే ట్రక్కు ఎఫ్-సిరీసే, జనం ఊరికే కొనరు. పైగా మా వీధిలో సగం మంది జీతాలు ఆ కంపెనీవే, ఇక్కడ వేరే బండి పెడితే పక్కింటాయన పలకరింపులో తేడా వస్తుంది.

క్లీవ్‌లాండ్ గ్రీజు:
రాజు అన్నా, బాడీ అల్యూమినియం, ఒప్పుకున్నా. ఫ్రేమ్ మాత్రం ఉక్కే. వాసు గారు అడిగింది ఫ్రేమ్ గురించి. అల్యూమినియంకి ఎర్ర తుప్పు రాదు గానీ దాని జబ్బు దానికుంది. ఉక్కు బోల్టు తగిలే చోట, పెయింట్ లేచిన చోట ఉప్పునీళ్లు చేరితే తెల్ల పొడిలా తినేస్తుంది.

నేను వారాంతాల్లో స్నేహితుల బండ్లు కింద పడుకుని బాగుచేస్తుంటా. పెట్టెలా మూసి ఉండే ఫ్రేమ్ ముక్కల్లో నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. వాటిలో బురద పట్టి మూసుకుపోతే ఉప్పుబురద లోపలే నానుతూ ఉంటుంది. లోపలి నుంచి బయటికి తింటుంది. బయట పొక్కు కనిపించేసరికి లోపల రేకు కాగితమైపోయి ఉంటుంది. మన దగ్గర రోడ్ల మీద చల్లేది ఉత్త ఉప్పు కూడా కాదు. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కలుపుతారు. అవి గాలిలో తేమను పీల్చుకుని ఎండకుండా అంటిపెట్టుకుంటాయి. ఇంకోటి, బండిని వెచ్చని గ్యారేజీలో పెట్టి ముద్దు చేస్తున్నాం అనుకుంటారు. గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిస్తుంది, వెచ్చగా తడిగా ఉంటే పరిగెడుతుంది. మంచుతో వచ్చిన బండిని కడగకుండా గ్యారేజీలో పెడితే రాత్రంతా దానికి విందే.

హ్యూస్టన్ అక్క:
మా వైపు నుంచి కొనుక్కోండి తమ్ముడూ! ఇక్కడి ట్రక్కుల కింద చూస్తే ఫ్యాక్టరీ పెయింట్ గుర్తులు ఇంకా కనిపిస్తాయి. ధర ఎక్కువే, రవాణా ఖర్చు అదనం. అయినా ఫ్రేమ్ మార్పిడికి 2016 కేసులో ఒక్కో బండికి 15 వేల డాలర్ల దాకా విలువ కట్టారు, దాంతో పోల్చుకోండి. ఒక్క జాగ్రత్త, మా తీరం వైపు వరదల్లో మునిగిన బండ్లు కూడా అమ్ముతుంటారు. టైటిల్ (యాజమాన్య పత్రం) చూడకుండా కొనొద్దు.

చిన్నక్షరాలు:
వారంటీ మాటకి వద్దాం, ఎందుకంటే బ్రాండు అభిమానం అంతా దాని మీదే నిలబడుతోంది. కొత్త బండితో వచ్చే తుప్పు వారంటీ టొయోటాకైనా ఫోర్డుకైనా 5 ఏళ్లు, మైళ్ల పరిమితి లేదు. వినడానికి బాగుంటుంది. లోపల చదివితే అది బాడీ రేకుకి, ఉక్కు రేకైతే అదీ తుప్పు తిని కన్నం పడితేనే. పైపైన ఎర్రబడితే దానికి వర్తించదు. ఫ్రేమ్ అందులో ఉందనుకోవద్దు. 5 ఏళ్లలో బాడీ రేకుకి కన్నం పడటం ఈ రోజుల్లో అరుదు. అంటే ఇవ్వాల్సిన అవసరం పెద్దగా రాని చోట మాట ఇస్తున్నారు.

నా పాత ట్రక్కు (ఏ కంపెనీదో చెప్పను, ఆ గొడవ నాకొద్దు) స్ప్రింగ్ కొక్కెం దగ్గర ఫ్రేమ్ ఊడొస్తుంటే డీలర్ దగ్గరికి తీసుకెళ్లా. కౌంటర్ కుర్రాడు కిందకి వంగి కూడా చూడలేదు. "పైపై తుప్పు సార్, మామూలే" అని కాగితం మీద రాసిచ్చాడు. వేలితో నొక్కితే నా వేలు లోపలికి దిగింది. ఆ వేలు వాడికి చూపించా, కాగితం మాత్రం మార్చలేదు.

బఫలో బాబ్జీ:
అదే కదా నేను అనేది! వేలు దిగినా కాగితం మార్చని వాళ్లున్న చోట, సుత్తితో కొట్టి చూసి 10 మిల్లీమీటర్ల కన్నం ఉంటే కొత్త ఫ్రేమ్ ఇస్తామని కొలత రాసుకున్నారు టొయోటా వాళ్లు. కోర్టు వల్లే కావచ్చు. కన్నం లేని బండ్లకి తుప్పు ఆపే పూత కూడా వేసిచ్చారు.

చిన్నక్షరాలు:
9 మిల్లీమీటర్లు ఉన్నవాడికి పూత రాసి ఇంటికి పంపారన్న మాట. సరే.

భీమవరం ఐసుబండి:
మీ గొడవ మధ్యలో దూరినందుకు క్షమించాలి. మేం చిన్న పికప్పుల్లో రొయ్యలు, చేపలు ఐసులో వేసి తోలతాం. మంచు లేకపోయినా ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోజంతా ఫ్రేమ్ మీద కారుతూనే ఉంటాయి. ట్రేల కింద పట్టా సరిగా వేయకపోతే తొట్టి నేల ముందు పోతుంది. మా దగ్గర వారంటీ గురించి ఎవరూ మాట్లాడుకోరు, ట్రిప్పు దించాక మంచినీళ్లతో కింద కడిగే డ్రైవరు దొరికాడా లేదా అని మాట్లాడుకుంటారు. ఏ కంపెనీ బండి కొంటాం అంటారా? దగ్గర్లో ఏ మెకానిక్ ఉంటే ఆ కంపెనీదే.

క్లీవ్‌లాండ్ గ్రీజు:
ఐసుబండి గారికి దండం. ఇక్కడా అంతే, కడగడం, నూనె పూయడం. ఏటా మంచుకి ముందు గొర్రె ఉన్ని జిడ్డుతో చేసే లానోలిన్ నూనెలు ఫ్రేమ్ లోపలికి గొట్టం పెట్టి కొట్టించండి. నల్ల రబ్బరు పూత వద్దు. అది పగిలిన చోట నీళ్లు దూరి వెనకే ఉండిపోతాయి.

డియర్‌బోర్న్ రాజు:
అలాంటివి బయట కొట్టిస్తే వారంటీ పోతుందని డీలర్ చెప్పాడే?

చిన్నక్షరాలు:
ఊరికే చెబుతారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి సరుకు వాడారన్న ఒక్క కారణంతో వారంటీ కొట్టేయలేరు. ఆ సరుకు వల్లే పాడైందని వాళ్లు చూపించాలి. రాసివ్వమని అడగండి, నోటిమాటగా చెప్పినవాడు రాసివ్వడు.

క్లీవ్‌లాండ్ గ్రీజు:
వాసు గారూ, మీ బండి సంగతి. విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) పట్టుకుని టొయోటా సర్వీసు వాళ్లను ఫ్రేమ్ మార్చారా లేదా అడగండి. మార్చి ఉంటే అది వేరే బండి కిందే లెక్క, ఇచ్చే ధరకి తగినదే. మార్చకపోతే లిఫ్ట్ ఎక్కించి చిన్న సుత్తితో వెనక స్ప్రింగు కొక్కేల దగ్గర నుంచి ముందుకి కొట్టుకుంటూ రండి. మంచి ఉక్కు ఖంగుమంటుంది, కుళ్లింది చప్పగా పలుకుతుంది. కింద తాజాగా నల్ల పూత కనిపిస్తే ఇంకా గట్టిగా కొట్టండి, అమ్మడానికి ముందు పూసింది ఎందుకో ఆలోచించండి. బ్రేక్ పైపులు కూడా చూడండి, ఫ్రేమ్ కంటే ముందు అవే పోవచ్చు.

నోవై వాసు:
అందరికీ థాంక్స్. సర్వీసు సెంటర్లో అడిగితే ఫ్రేమ్ మార్చిన రికార్డు లేదన్నారు. అమ్మే ఆయనకి ఫోన్ చేసి సుత్తి సంగతి చెప్పా. "నా బండిని సుత్తితో కొట్టనివ్వను, కావాలంటే 500 డాలర్లు తగ్గిస్తా" అన్నాడు.

క్లీవ్‌లాండ్ గ్రీజు:
వదిలేయండి.

చిన్నక్షరాలు:
వదిలేయండి.

బఫలో బాబ్జీ:
వదిలేయండి, నేనూ అదే అంటా. అక్కయ్య గారు చెప్పినట్టు టెక్సస్‌లో చూడండి. టకోమానే చూడండి.