మతాన్ని కించపరిచిన పాత రాతను మళ్ళీ అచ్చు వేయవచ్చునా?

ప్రశ్న:
మా చిన్న మాసపత్రికకు, మత విశ్వాసాలను కావాలని కించపరచడాన్ని నేరంగా చేసిన శిక్షాస్మృతి 295ఏ సెక్షన్ పుట్టుకపై ఒక వ్యాసం వచ్చింది. 1924లో లాహోర్‌లో మహాశయ్ రాజ్‌పాల్ 'రంగీలా రసూల్' అనే చిన్న పుస్తకాన్ని రచయిత పేరు లేకుండా ప్రచురించారు. మహమ్మద్ ప్రవక్త వైవాహిక జీవితాన్ని ఎగతాళి చేసిన పుస్తకమది. కేసు నడిచినన్నాళ్ళూ ఆయన రచయిత పేరు బయటపెట్టలేదు. 1927లో హైకోర్టు ఆయనను నిర్దోషిగా వదిలేసింది, 1929లో ఇల్ముద్దీన్ అనే యువకుడు పొడిచి చంపాడు. వ్యాసకర్త ఆ పుస్తకంలోని పేరాలు కొన్నింటిని తెలుగు చేసి యథాతథంగా ఇచ్చారు. తీసేస్తే చరిత్రను దాచినట్లవుతుంది, ఉంచితే ఆ అవమానం మా చేతులమీదుగా మళ్ళీ జరిగినట్లవుతుంది. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1:
ముందు చట్టం సంగతి. రాజ్‌పాల్‌ను వదిలేసిన న్యాయమూర్తి జస్టిస్ దలీప్ సింగ్ ఆ పుస్తకాన్ని మెచ్చుకోలేదు. ఆ కేసు పెట్టిన 153ఏ సెక్షన్ ఉన్నది వర్గాల మధ్య శత్రుత్వాన్ని ఆపడానికే తప్ప, గతించిన మతగురువుపై వచ్చే విమర్శను ఆపడానికి కాదని మాత్రమే అన్నారు. ఆ తీర్పుపై రేగిన ఆందోళన వల్లే అదే ఏడాది 295ఏ వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. బుద్ధిపూర్వకమైన దురుద్దేశం ఉంటేనే నేరమని 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీకు అటువంటి ఉద్దేశం లేదు. కానీ ఆ సంగతి తేలేది విచారణలో, ఫిర్యాదు మాత్రం పత్రిక బయటికి వచ్చిన మర్నాడే రావచ్చు. కాబట్టి వకీలును సంప్రదించండి, అయితే ఏది ఉంచాలో నిర్ణయించే పని ఆయనకు అప్పగించకండి.

జవాబు 2:
నేనైతే ఉంచుతాను. 2009లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం డెన్మార్క్ పత్రికలో వచ్చిన ప్రవక్త కార్టూన్ల వివాదంపై ఒక పరిశోధన గ్రంథం వేసి, అందులో ఆ కార్టూన్లనే లేకుండా చేసింది. ఏ బొమ్మల కోసం అంత రక్తం చిందిందో చూడకుండానే పాఠకుడు ఆ పుస్తకం చదవాల్సి వచ్చింది. ఒక ప్రచురణకర్తను కత్తితో చంపిన కథ చెబుతూ, ఆయన అచ్చు వేసిన మాటలను మనమే చెరిపేయడం నాకు మింగుడుపడదు.

జవాబు 3:
పై మిత్రుడి ఆవేదన నాకు అర్థమైంది, హత్యకు ఏ సమర్థనా లేదు. అయినా రాజ్‌పాల్ హత్యకు గురయ్యారు గనుక ఆ పుస్తకం మంచిదైపోదు. గాంధీజీ 1924లోనే 'యంగ్ ఇండియా'లో దాన్ని ఖండించారు. ఒక మతంలోని ఆచారాన్నో వాదాన్నో ఎంత కటువుగా ప్రశ్నించినా నేను రచయిత పక్షాన నిలబడతాను. ఎదుటివారు ప్రాణప్రదంగా భావించే వ్యక్తిని వారిని నొప్పించడానికే ఎగతాళి చేసిన రాతకు మాత్రం పత్రికలో చోటు అడిగి తీసుకునే హక్కు లేదు, ప్రభుత్వం దాన్ని నిషేధించకూడదన్నది వేరే సంగతి. మీ వ్యాసం చట్టం గురించి కదా. కోర్టులో వివాదం దేని చుట్టూ తిరిగిందో తెలియడానికి ఒకటి రెండు వాక్యాలు చాలు, పేరాలకు పేరాలు అక్కర్లేదు. తక్కినదాన్ని మీ మాటల్లో చెప్పి, ఎందుకు కుదించారో పాఠకుడికి అక్కడే రాయండి. అచ్చుకు వెళ్ళేముందు మీ ఊళ్ళో ఇస్లాం సాహిత్యం తెలిసిన ఒకరికి ప్రూఫు చూపించండి. అనుమతి కోసం కాదు, అనువాదంలో మూలానికి లేని కటువుదనం చేరిందేమో వారికే ముందుగా తెలుస్తుంది.