"ఓటు మురిగిపోయింది" అంటారే, మురిగేది ఎట్లా సామీ?

అందరికీ నమస్కారం. మొన్న తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా ఉంటే పక్కన ఇద్దరు మాట్లాడుకుంటా ఉండారు. ఒకాయన ఈ తూరి రెండు పెద్ద పార్టీలకీ వెయ్యను, గెలిచినా గెలవకపోయినా మూడోవాడికే వేస్తా అన్నాడు, రెండో ఆయన వెంటనే "ఎందుకబ్బా ఓటు మురగబెట్టుకుంటావు" అన్నాడు. వాళ్ళ రాజకీయం సంగతి వాళ్ళది, నా మనసు మాత్రం ఆ మాట మీదనే పడింది. ఇంటికొచ్చినా వదల్లా.

మురగడం అంటే మనకు తెలిసిందే గదా. గుడ్డు మురుగుతుంది, కదలకుండా నిలబడిపోయిన నీళ్ళు మురుగుతాయి, అందుకే అది మురుగు కాలవ. ఎవురూ ముట్టుకోకుండా ఒకచోట పడి ఉన్నది మురుగుతుంది. మరి మూడో పార్టీకి పడిన ఓటు యాడ పడి ఉండాది? దాన్ని రౌండు రౌండుకీ లెక్కపెడతారు, ఆ అభ్యర్థి పేరు ఎదురుగా రాస్తారు. అది మురిగింది ఎప్పుడు?

నాకు తోచింది చెప్తా, తప్పైతే దిద్దండి. బ్యాలెట్ పేపర్ల కాలంలో కౌంటింగ్‌కు ఏజెంటుగా కూచున్న మనిషి మా నాయన. ముద్ర రెండు గుర్తుల నడిమి గీత మీద పడినా, ముద్ర బదులు వేలిముద్ర వేసినా, ఇద్దరికీ గుద్దినా ఆ పేపర్లను పక్కకు తీసి వేరే కట్ట కట్టేవాళ్ళంట, వాటినే "మురిగిపోయిన ఓట్లు" అనేవాళ్ళు, న్యూస్‌పేపర్లలోనూ అట్లే రాసేవాళ్ళు. ఆ మాట దానికి సరిగ్గా సరిపోయింది, ఎవురి ఖాతాలోకీ పోకుండా కట్టలోనే ఉండిపోయినాయి గాబట్టి. 2004 నుంచి జనరల్ ఎలక్షన్లు మొత్తం మిషన్లతోనే, బటన్ నొక్కితే చెల్లకపోవడం అనేది లేదు, పోస్టల్ బ్యాలెట్లలో తప్ప. పని లేకుండా పోయిన మాట ఊరికే కూచోదు గదా, పొయ్యి మూడో పార్టీ ఓటు నెత్తిన కూచుంది అని నా అనుమానం. చెల్లని ఓటు, గెలవని ఓటు రెండూ ఒకటైపోయినాయి. ఓడిపోయిన ఓటు అనండి, ఒప్పుకుంటా. మురిగింది అంటే మాత్రం ఒప్పుకోను.

మీ పక్క ఏమంటారు?

*పాకాల అక్క:* మా పక్క "ఓటు చెడగొట్టుకోబాక" అంటారు తమ్ముడూ, మురగడం తక్కువ. మా అత్త అయితే "గంగలో పోసినట్టే" అంటుంది.

*రిటైర్డు తెలుగు పంతులు:* అసలు ఓటు అనే మాటే మనకు అచ్చిరాలేదు నాయనా. ఇంగ్లీషు రాకముందే మనకు ఓటు ఉంది, చిల్లు, పగులు అనే అర్థంలో. ఓటికుండ దాన్నుంచే. నెత్తురు ఓడుతోంది అంటామే, ఆ ఓడడం కారడమే. ఇక ఓటమి సంగతి చెప్పనక్కర్లా. ఇంగ్లీషు ఓటుకు మూలం మాత్రం లాటిన్లో వోటుమ్, అంటే మొక్కు. తిరుపతిలో ఉండి మొక్కు అంటే ఏందో నేను చెప్పాలా. మనం మొక్కు "చెల్లించాం" అంటాం, ఓటు "చెల్లింది" అంటాం, రెండుచోట్లా చెల్లు అనే మాటే చూడండి. కొండకు నడిచి పొయ్యి గుండు చేయించుకున్నోడు, అనుకున్నది జరగలేదని వెంట్రుకలు మురిగిపోయినాయి అంటాడా?

*కొర్లగుంట కుర్రోడు:* పంతులుగారూ కోరిక తీరినాక గదా మొక్కు చెల్లించేది 😄 ఈడ ముందే చెల్లించి అయిదేళ్ళు కాచుకోవాల.

*పంతులు:* అదీ నిజమేలే.

*నగరి తమ్ముడు:* మాకు ఇంట్లో అరవం గూడా ఉండాది. అరవంలో ఓట్టై అంటే చిల్లు, ఓట్టు అంటే ఓటు. చిన్నప్పుడు ఎలక్షన్లొస్తే మా తాత ఓట్టు అడిగేదానికి వచ్చినోళ్ళకు ఓట్టై కుండ చూపించి ఎగతాళి చేసేవాడు.

*డాలస్‌లో చంద్రగిరోడు:* ఇక్కడ అమెరికాలో ప్రతి నాలుగేళ్ళకూ ఇదే గొడవ. 2000లో ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో, అక్కడే గ్రీన్ పార్టీ నేడర్‌కు 97 వేల పైచిలుకు పడినాయి, వాటిలో పిడికెడు బుష్ మీద నిలబడిన గోర్‌కు పడి ఉంటే ఈ దేశం దారే వేరుగా ఉండేది అని ఈ రోజుకీ తిడతారు. 1992లో రెండు పార్టీలకూ బయట నిలబడిన పెరోకు నూటికి దాదాపు 19 ఓట్లు పడినా ఒక్క ఎలక్టోరల్ ఓటు (ప్రెసిడెంటు ఎవురో తేల్చే, రాష్ట్రాల లెక్కన వచ్చే ఓటు) రాలేదు. ఈడ వాళ్ళు ఓటును "పారేసుకున్నావు" అంటారు, అంటే తప్పు వేసినోడిది. మనం "మురిగిపోయింది" అంటాం, దాని పాటికి అదే మురిగినట్టు. కొంచెం మర్యాద మనదే అనిపిస్తుంది నాకు.

*కొర్లగుంట కుర్రోడు:* మర్యాద యాడిదన్నా. మనకు "చీల్చినాడు" ఉండాదే, అది నేరుగా నిలబడినోడి మీద కేసు పెట్టినట్టే. 2022లో జనసేన ఇప్పటం సభ అయినాక "వ్యతిరేక ఓటు చీలనివ్వం" అనేది టీకొట్టు కాడ గూడా సామెత అయిపొయ్యింది. పోస్టు పెట్టిన అన్నకు ఒక మాట. జనం యాభై ఏళ్ళుగా ఏ అర్థంలో వాడతారో అదే అర్థం, నువ్వు వద్దన్నా మారదు. పదివేల ఓట్లు పడినా చివరికి ఎమ్మెల్యే ఎవురనేది వాటితో మారకపోతే దాన్ని మురిగిందనే అంటారు, తప్పేముండాది?

*పోస్టు పెట్టింది నేనే:* తమ్ముడూ, వేరే ఊరోళ్ళు ఈ మాట అంటే ఊరుకుంటా గానీ తిరుపతోళ్ళు అంటే ఎట్లబ్బా. 1983లో పుట్టి ఏడాది గూడా నిండని పార్టీ తరపున ఎన్టీఆర్ నిలబడింది గుడివాడలో, ఇంకోటి మన తిరుపతిలో, రెండుచోట్లా గెలిచినాడు. 2008లో ప్రజారాజ్యం మొదలుపెట్టింది మన అవిలాల దగ్గరే, 2009లో చిరంజీవి సొంత జిల్లా పాలకొల్లులో ఓడిపొయ్యి ఈడ గెలిచినాడు. మూడో పార్టీకి ఓటేసి గెలిపించిన ఊరు ఇది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి 294లో 18 సీట్లే వచ్చినాయి అనేది వేరే సంగతి, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపొయ్యింది అనేది ఇంకా వేరే సంగతి. ఆ ఓట్లను ఏమనాలో మాత్రం నాకు నిజంగా మాట దొరకలా. గెలిచినాయి, చెల్లినాయి, వేసినోళ్ళు తల్చుకోని పార్టీలోకి పొయ్యి చేరినాయి. 2012 బైఎలక్షన్లో ఊరు ఇంకో కొత్త పార్టీని ఎత్తుకునింది.

ఇంకోటి. గెలవని ఓటు లెక్కలోకి రాదు అనేది ఉత్త మాట. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే నామినేషన్‌కు కట్టిన డిపాజిట్ వెనక్కొస్తుంది, అసెంబ్లీకి 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000. అంతకన్నా పెద్దది గుర్తింపు. రాష్ట్రంలో 6 శాతం ఓట్లు, 2 ఎమ్మెల్యే సీట్లు ఉంటే ఒక పార్టీకి సొంత గుర్తు నిలబడుతుంది. జనసేనకు 2019లో ఆ 6 శాతం రాలా, సీటు ఒకటే. దాంతో 2021లో మన తిరుపతి లోక్‌సభ బైఎలక్షన్‌కు వాళ్ళ గుర్తు గాజు గ్లాసును వేరే చిన్న పార్టీ అభ్యర్థికి ఇచ్చేసినారు, ఎంత గొడవ అయ్యిందో గుర్తుండాది గదా. ఇంకొన్ని "మురిగిన" ఓట్లు పడి ఉంటే గ్లాసు చెయ్యి జారేది కాదేమో.

*పాకాల అక్క:* అయితే నోటా? 2019లో మన రాష్ట్రంలో కాంగ్రెస్, బీజేపీ రెండిటికన్నా నోటాకే శాతం జాస్తి.

*పోస్టు పెట్టింది నేనే:* అక్కా, దాన్ని మురిగింది అంటే నేను కొట్లాడను. 2013లో సుప్రీంకోర్టు చెప్పినాక వచ్చింది, లెక్క చెప్తారు గానీ డిపాజిట్ ఆరో వంతు చూసేటప్పుడు దాన్ని కలపరు.

*ఐరాల రైతు:* అందరూ మురగడాన్ని ఊరికే తిడతా ఉండారు. పెంటదిబ్బలో పేడ మురగకపోతే కయ్యకు ఎరువు యాడిది? పచ్చిపేడ చల్లితే పైరు మాడిపోతుంది.

*కొర్లగుంట కుర్రోడు:* పెద్దాయనా అదిరింది. కానీ ఎరువు మాది, పంట పక్కోడి కయ్యలో అంటేనే బాధ.

*డాలస్‌లో చంద్రగిరోడు:* డిపాజిట్ గల్లంతు గురించి ఎవురన్నా చెప్పండి. మా జేజి గల్లంతు అంటే గోల అనే అర్థంలో వాడేది, "పిల్లోళ్ళు ఒకటే గల్లంతు" అని. కనపడకుండా పోవడం ఎప్పుడు అయ్యిందో.

*పూతలపట్టు కౌంటింగ్ ఏజెంటు:* ఆలస్యంగా చూసినా పోస్టు. మురిగిన ఓటు ఇంకా బతికే ఉండాది సామీ, పంచాయితీ ఎలక్షన్లు ఇప్పటికీ బ్యాలెట్ పేపరే గదా. 2021లో మా ఊళ్ళో సర్పంచ్‌కు ఇద్దరు, ఇద్దరూ దాయాదులే. కౌంటింగ్‌లో ఒక పేపరు తీస్తే ఇద్దరి గుర్తుల మీదా నీట్‌గా నట్టనడుమ ముద్ర, గీత గూడా దాటలా. ఆఫీసర్ పక్కన పడేసినాడు. ఎవురిదో ఏమో అనుకోని ఇంటికొచ్చి చెప్తే మా పెద్దవ్వ అన్నం కలుపుకుంటా తలెత్తకుండా "నాదే నాయనా, ఇద్దురూ నా చేతి అన్నం తిన్నోళ్ళే, ఒకడికి ఏసి ఒకడికి ఎట్ల ఎగ్గొట్టేది" అనింది.