స్ట్రిప్పులకూ ఇన్సులిన్‌కూ ఆరోగ్య బీమా వర్తిస్తుందా?

ప్రశ్న (రాజోలు):
మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా మధుమేహం ఉంది; రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు, షుగరు పరీక్ష చేసుకునే స్ట్రిప్పుల డబ్బా నెల తిరగకుండానే ఖాళీ అవుతుంది. కొత్తగా పాలసీ తీసుకుందామంటే, షుగరు సంగతి ఫారంలో రాయవద్దని ఏజెంటు గారు సలహా ఇచ్చారు. ఆ మాట వినవచ్చునా? ఈ నెలవారీ ఖర్చు బీమాలో వస్తుందా?

జవాబు (అమలాపురం):
దయచేసి వినకండి. దాచిన జబ్బు పాత మందుల చీటీలోనే బయటపడుతుంది. అప్పుడు క్లెయిము తిరస్కరించడమే కాక పాలసీనే రద్దు చేయవచ్చు. నిజం రాస్తే, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (ఆ జబ్బుల ఖర్చు బీమాలో రాని తొలి గడువు) మాత్రం ఉంటుంది. దాని గరిష్ఠ పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించింది. అదనపు ప్రీమియం తీసుకుని ఇంకా తగ్గించే పాలసీలూ ఉన్నాయి.

జవాబు (భీమవరం):
మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే కనుక, ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) సదుపాయం ఉంటే తప్ప ఇంట్లో వాడే స్ట్రిప్పులు, సూదులు మన జేబులోంచే. చెరువు గట్టు మీద ముల్లు గుచ్చుకుని మా అమ్మగారి కాలు పుండుపడి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, బిల్లులో స్ట్రిప్పులకు విడిగా ఒక వరుస కనిపించింది. అవి చికిత్స ఖర్చులోనే కలిసి ఉండాలన్నది నియమమని అడిగితే, గొణుక్కుంటూనే తీసేశారు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. ఫారంలో ఇన్సులిన్ మోతాదుతో సహా రాసేస్తాను.