తిరుపతిలో కేబుల్ కనెక్షన్ తీసేసి యాంటెన్నా, ఓటీటీలతో సరిపెట్టుకోవచ్చా?

కొర్లగుంట నివాసి:

అందరికీ నమస్కారం. మేము తిరుపతి కొర్లగుంటలో సొంత ఇంట్లో ఉంటున్నాము. పిల్లల చదువుల కోసం ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించాము. దానితో పాటు ఎప్పటినుంచో ఉన్న కేబుల్ కనెక్షన్‌కు కూడా నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాము. డాలస్‌లో ఉండే మా తమ్ముడు కేబుల్ మాన్పించి, కిటికీ పక్కన చిన్న యాంటెన్నా ఒకటి పెట్టుకుని, అక్కడి స్థానిక ఛానెళ్లను పైసా ఖర్చు లేకుండా స్పష్టమైన బొమ్మతో చూస్తున్నాడు. మిగిలినవన్నీ ఓటీటీలో చూస్తాడు. "అన్నా, నువ్వు కూడా అదే చెయ్యి, రెండు బిల్లులు ఎందుకు?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు.

మా ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది మా అమ్మగారే. తెల్లవారుజామున ఎస్వీబీసీతో మొదలుపెట్టి, మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం నుంచి రాత్రి భోజనాల దాకా సీరియళ్లు చూస్తారు. సీరియళ్లలో ఒకటి స్టార్ మాలో, ఒకటి జీ తెలుగులో, ఇంకొకటి ఈటీవీలో వస్తుంది. ఆమెకు ఛానెళ్ల పేర్లకంటే నంబర్లే బాగా గుర్తు. రిమోట్ మీద అంకెలు అరిగిపోయినా వేలు తడబడకుండా నొక్కుతారు. నాకు వార్తలు, మా అబ్బాయికి క్రికెట్ ఉంటే చాలు.

నేను అడగదలచినవి రెండు విషయాలు. తమ్ముడు చెబుతున్న యాంటెన్నా మన ఊళ్లో పనిచేస్తుందా? పనిచేయకపోతే, అమ్మగారికి ఏ ఇబ్బందీ కలగకుండా కేబుల్ మానుకునే మార్గం మరేదైనా ఉందా? ఖర్చు తగ్గడం కంటే ఆమె సౌకర్యమే నాకు ముఖ్యం కనుక, దయచేసి దానిని దృష్టిలో ఉంచుకుని సలహా ఇవ్వగలరు.

తిరుచానూరు రోడ్డు:

అయ్యా, ప్రసార సాంకేతిక రంగంలో చాలాకాలం పనిచేసి విరమణ పొందినవాణ్ని కనుక మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. మీ తమ్ముడు చెబుతున్నది అమెరికాకు సంబంధించినంతవరకు అక్షరాలా నిజం. అక్కడ పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ నాటికి డిజిటల్ భూతల ప్రసారానికి మారాయి. ఏ నగరంలోనైనా టవర్ల నుంచి ప్రధాన నెట్‌వర్కుల ఛానెళ్లు గాలిలో ఉచితంగా వస్తుంటాయి, యాంటెన్నా పెట్టి టీవీలో స్కాన్ చేస్తే చాలు.

మన దేశంలో ఆ పరిస్థితి లేదు. ప్రైవేటు ఛానెళ్లకు భూతల ప్రసారానికి ఎన్నడూ అనుమతి లేదు. ఆ అవకాశం దూరదర్శన్ ఒక్కదానికే ఉండేది. మిద్దెల మీద కర్రకు కట్టిన అల్యూమినియం కడ్డీల యాంటెన్నాను కాకులు వాలినప్పుడల్లా తిప్పుకుంటూ చూసినది ఆ ప్రసారమే. ఆ రోజులు చూసినవారికి దాని మీద మమకారం ఉండడం సహజమే కానీ, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేసింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని యాభై చిల్లర కేంద్రాలు తప్ప మిగిలినవన్నీ 2022 మార్చి నాటికి ఆగిపోవాలన్నది నిర్ణయం. డిజిటల్ భూతల ప్రసారాన్ని 2016లో 16 నగరాల్లో ప్రారంభించారు. వాటిలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి కానీ ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు ఒక్కటీ లేదు. కనుక మీరు తిరుపతిలో ఎంత ఖరీదైన యాంటెన్నా కొన్నా టీవీలో స్కాన్ ఫలితం సున్నాయే అవుతుంది. ఇంటర్నెట్ అంగళ్లలో "హెచ్‌డీ యాంటెన్నా, వంద ఛానెళ్లు ఉచితం" అని అమ్ముతున్న పలుచని పలకలు అమెరికా, ఐరోపా ప్రసారాలకు తయారైనవి. దయచేసి వాటికి డబ్బు పెట్టవద్దు.

మన దగ్గర నెల చందా లేని యాంటెన్నా అంటే డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవ ఇప్పుడు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తున్నది. డిష్‌కూ, బాక్సుకూ, బిగింపుకూ కలిపి సుమారు రెండు వేల రూపాయలు ఒక్కసారి పెట్టుకుంటే ఆ తరువాత కట్టవలసింది ఏమీ లేదు. కొత్త టీవీల్లో కొన్నింటికి ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉంటుంది. అటువంటి టీవీ అయితే డిష్ నుంచి వచ్చే తీగను నేరుగా వెనుక బిగించి చాలా ఛానెళ్లను బాక్సు లేకుండానే చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు డీడీ సప్తగిరి, తెలంగాణకు డీడీ యాదగిరి రెండూ ఇందులో వస్తాయి. అయితే మీ అమ్మగారు చూసే స్టార్ మా, జీ తెలుగు వంటి చందా ఛానెళ్లు ఇందులో రావు. ఫ్రీ డిష్ హిందీ ప్రాంతాల ఇళ్లకు నిండు భోజనమే కానీ, తెలుగు ఇంటికి కేబుల్ స్థానాన్ని ఒంటరిగా భర్తీ చేయలేదు.

మీ అబ్బాయికి మాత్రం దీనివల్ల ఒక లాభం ఉంది. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాన్ని హక్కులు కొన్న సంస్థ ప్రసార భారతితో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతున్నది. ఆ ప్రసారాన్ని దూరదర్శన్ తన భూతల ప్రసారానికీ, ఫ్రీ డిష్‌కూ మాత్రమే వాడుకోవాలని, కేబుల్ వారికి అందించరాదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో ఉచితంగా కనిపించి, డబ్బు కట్టే కేబుల్ ఇంట్లో అదే దూరదర్శన్ ఛానెల్‌లో కనిపించకపోవడానికి కారణం ఇదే. ఐపీఎల్ మాత్రం ఆ జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల జాబితాలో లేదు.

గ్రీమ్స్‌పేట ఉపాధ్యాయిని:

నమస్కారం అన్నగారూ. మేము చిత్తూరులో కేబుల్ మానేసి పూర్తిగా ఇంటర్నెట్ మీదనే చూస్తున్నాము. మా అత్తగారు మీ అమ్మగారి వయసువారే కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

వార్తలకు, భక్తి కార్యక్రమాలకు మీరు ఏమాత్రం సందేహించనక్కర లేదు. తెలుగు వార్తా ఛానెళ్లలో పేరున్నవన్నీ యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం ఇస్తున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానాల వారి ఎస్వీబీసీ కూడా యూట్యూబ్‌లో చందా లేకుండా వస్తుంది, బ్రహ్మోత్సవాలలో గరుడ సేవతో సహా. దూరదర్శన్ ఛానెళ్లకు ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది.

చిక్కంతా సీరియళ్లతోనే. స్టార్ మా కార్యక్రమాలకు జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్, ఇలా ఒక్కో సంస్థకు ఒక్కో యాప్. మీ అమ్మగారు మూడు సంస్థల సీరియళ్లు చూస్తారు కాబట్టి మూడు యాప్‌లు కావాలి. చందా కట్టేముందు ఆ ప్లాన్ టీవీలో పనిచేస్తుందా లేదా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే చౌకగా కనిపించే ప్లాన్లు కొన్ని ఫోన్‌కు మాత్రమే పరిమితం. మీ ఫైబర్ ప్లాన్‌లో కొన్ని ఓటీటీలు కలిసి ఉండవచ్చు. ముందు అది చూసుకుంటే ఒకటి రెండు చందాలు మిగులుతాయి. మా ఇంట్లో తమిళ సీరియళ్లు కూడా చూస్తారు, చిత్తూరులో చాలా ఇళ్లలో ఇది మామూలే. సన్ నెక్స్ట్‌లో జెమినీ, సన్ టీవీ రెండింటి కార్యక్రమాలూ ఉండడం మాకు కలిసివచ్చింది.

పెద్దవారికి అసలు అడ్డంకి యాప్‌ల ఖర్చు కాదు, తెర మీద ఎదురయ్యే ప్రశ్నలు. కేబుల్‌లో నంబరు నొక్కితే బొమ్మ వస్తుంది. ఇక్కడ యాప్ తెరవగానే "ఎవరు చూస్తున్నారు?" అని నాలుగు ముఖాలు కనిపిస్తాయి, ఆ తరువాత అప్‌డేట్ కావాలా అని అడుగుతుంది, మధ్యలో పొరపాటున సోర్స్ మీట నొక్కితే తెర అంతా నల్లబడి "సిగ్నల్ లేదు" అని వస్తుంది. మా అత్తగారు అటువంటప్పుడు ఎవరినీ పిలవకుండా టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయేవారు. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. అప్పటినుంచి అన్ని యాప్‌లలోనూ ఒకే ప్రొఫైల్ ఉంచి, ఆమెకు కావలసిన నాలుగు యాప్‌లను మొదటి తెరలో మొదటి వరుసలో పెట్టి, మిగిలినవి తీసేశాము. టీవీ వేయగానే నేరుగా ఆ తెరకు వచ్చేలా సెట్టింగులలో మార్చాము. రిమోట్‌లోని మైకు మీట నొక్కి "ఎస్వీబీసీ లైవ్" అనడం ఆమె త్వరగానే నేర్చుకున్నారు. ఇప్పుడు నచ్చిన సీరియల్‌ను పనులన్నీ అయ్యాక తీరిగ్గా చూస్తున్నారు.

కరెంటు పోయినప్పుడు టీవీ ఇన్వర్టర్ మీద నడిచినా రూటర్ ఆరిపోతే ఏమీ రాదు. రూటర్‌కు చిన్న యూపీఎస్ విడిగా దొరుకుతుంది, అది పెట్టించుకోండి. వేగం విషయానికి వస్తే, ఒక టీవీలో ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ చాలు. ప్రత్యక్ష ప్రసారం మాత్రం కేబుల్ కంటే కొంత వెనుకబడి ఉంటుంది. పక్కింట్లో సిక్సర్‌కు కేకలు వినిపించాక మన తెర మీద బౌలర్ పరుగు మొదలుపెడతాడు. క్రికెట్ ఇష్టపడే మీ అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

బైరాగిపట్టెడ:

పై ఇద్దరూ చెప్పినవి సబబుగానే ఉన్నాయి. అయినా కేబుల్‌ను పూర్తిగా తీసేయడానికి ముందు దాని బిల్లును ఒకసారి విప్పి చూడమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. చాలామంది ఆపరేటర్ ఇచ్చిన ప్యాకేజీకే డబ్బు కడుతూ, అందులో సగం ఛానెళ్లను ఏడాదికి ఒకసారి కూడా చూడరు. 2019లో అమలులోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం మనకు కావలసిన ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ఉంది. నెట్‌వర్క్ రుసుము 200 ఛానెళ్లకు గరిష్ఠంగా 130 రూపాయలుగా ఉండేది. ఆ పరిమితిని 2024 జూలైలో తీసేశారు కాబట్టి ఇప్పుడు మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. అది 130 రూపాయలే అనుకుందాం. మీకు కావలసిన నాలుగు తెలుగు ఛానెళ్లు ఒక్కొక్కటి 19 రూపాయల చొప్పున 76 రూపాయలు. రెండూ కలిపి 206, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తే 243 రూపాయల చిల్లర అవుతుంది. ఎస్వీబీసీ వంటి ఉచిత ఛానెళ్లకు అదనపు ధర ఉండదు. మూడు ఓటీటీల చందాలను నెలకు లెక్కగట్టి దీనితో పోల్చి చూస్తే, మీ ఇంటికి ఏది మేలో మీకే తెలుస్తుంది.

ఇంకో విషయం. మన ఊళ్లో చాలా వీధులలో ఇంటర్నెట్ తీగ, కేబుల్ తీగ ఒకే ఆపరేటర్‌వి. ఏపీ ఫైబర్‌నెట్ అయితే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇస్తుంది. కాబట్టి ఇంటర్నెట్ ఇచ్చేది కూడా కేబుల్ ఆపరేటరే అయితే, కేబుల్ ఆపేముందు ఇంటర్నెట్ ధర మారుతుందా అని అడగండి. ఊరిలోని జాతర, నీళ్ల ట్యాంకర్ల సమాచారం, చుట్టుపక్కల మరణవార్త చూపించే స్థానిక సిటీ ఛానెల్ కూడా కేబుల్‌తోనే పోతుంది. ఇది నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు.

కొర్లగుంట నివాసి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. అమ్మగారి టీవీకి కేబుల్ ఉంచి, అందులో ఆమె చూసే ఛానెళ్లు మాత్రమే పెట్టించాలని నిర్ణయించుకున్నాము. హాల్లోని రెండో టీవీకి మాత్రం కేబుల్ తీసేసి, వార్తలకు ఇంటర్నెట్, అబ్బాయి క్రికెట్‌కు ఫ్రీ డిష్ పెట్టుకుంటాము. ఇంతలో అమ్మగారు రెండో టీవీలో యాప్‌లు చూడడం తమంతట తాము అలవాటు చేసుకుంటే, అప్పుడు మిగిలిన కనెక్షన్ గురించి ఆలోచిస్తాము. తిరుచానూరు రోడ్డు అయ్యగారికి ఒక ప్రశ్న: మా మిద్దెకు ఉత్తరాన కొండ కనిపిస్తుంది, తూర్పు వైపు పక్కింటివారి కొబ్బరిచెట్టు ఉంది. డిష్‌కు ఇవి అడ్డం వస్తాయా?

తిరుచానూరు రోడ్డు:

కొండ అడ్డం రాదు. జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు ఎగువన. తిరుపతి నుంచి చూస్తే అది దాదాపు సరిగ్గా ఆగ్నేయ దిక్కులో, నేల నుంచి సుమారు 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే మీ డిష్ కొండకు వీపు పెట్టి, ఆకాశంలో చాలా పైకి చూస్తుంది. ఇంత ఎత్తు కోణం కాబట్టి కొబ్బరిచెట్టు మిద్దె అంచుకు ఆనుకుని ఉంటే తప్ప ఇబ్బంది ఉండదు. ఆగ్నేయ మూలన మీ నీళ్ల ట్యాంకు ఉంటే మాత్రం డిష్‌ను దానికి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టించండి.

డిష్‌ను పిట్టగోడ ఇటుకలకు కాకుండా కాంక్రీటు శ్లాబులో బోల్టులు దింపి బిగించమని చెప్పండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరులో తుఫాను గాలి వచ్చినప్పుడు డిష్ వేలెడంత కదిలినా సిగ్నల్ పోతుంది. కుండపోత వానలో కొన్ని నిమిషాలు బొమ్మ ఆగిపోవడం ఈ తరంగాల స్వభావమే కనుక, అప్పుడు మెకానిక్‌ను పిలవనక్కర లేదు. వాన తగ్గాక కూడా రాకపోతే, తీగ డిష్‌కు చేరేచోట బిరడాలోకి నీళ్లు దిగాయేమో చూసి తుడిచి, రబ్బరు టేపు చుట్టించండి. బిగించేవారు వెళ్లకముందే బాక్సు మెనూలో సిగ్నల్ నాణ్యత శాతం ఎంత ఉందో మీ కళ్లతో చూసి రాసిపెట్టుకోండి, తరువాత ఎప్పుడు తగ్గినా తేడా తెలుస్తుంది.