పరగడుపున షుగర్ మామూలే, ఏ1సీ మాత్రం ఎక్కువ. ఏది నమ్మాలి?

ప్రశ్నలపుట్ట: దగ్గుకని వెళితే డాక్టరు గారు నడుముకు టేపు చుట్టి కొలిచి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగి, రక్తపరీక్ష రాశారు. పరగడుపున 97. ఏ1సీ 6.1. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. లేనిపోని పరీక్షలు ఎందుకని ఇంట్లో నాకే చీవాట్లు.

నిదాననడక: పరగడుపు పరీక్ష ఆ ఉదయం సంగతి చెబుతుందండి, ఏ1సీ రెండు మూడు నెలల షుగర్ సగటు. పరగడుపున 100–125, ఏ1సీ 5.7–6.4 ఉంటే మధుమేహానికి ముందు దశ అని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. కొందరికి తిన్నాకే పెరుగుతుంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష అడగండి. 140కి చేరితే ఆ లెక్కలోకి వస్తుంది. నా సంగతి అందులోనే బయటపడింది.

నర్సమ్మ: ముందు మీ హిమోగ్లోబిన్ ఎంతో చెప్పండి. ఇనుము లోపం వల్ల రక్తం తక్కువగా ఉంటే ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపుతుంది. ఇంకొకటి, గ్లూకోజు తాగాక కదలకుండా కూర్చోవాలి. మా దగ్గర కొందరు ఆ రెండు గంటలూ మెట్లెక్కి దిగుతుంటారు, షుగర్ తగ్గుతుందట! పాసవడానికి వచ్చారా అని అడుగుతాను.

ప్రశ్నలపుట్ట: 9.8 అని ఉంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదే!

రెండుజడలు: నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, తర్వాత పోయింది. కాన్పయ్యాక 4–12 వారాల్లోపు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోమన్నారు. పసిబిడ్డతో ఎవరు కూర్చుంటారు? అత్తయ్య బిడ్డను ఎత్తుకుని బయట తిప్పారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత కూడా ప్రతి 1–3 ఏళ్లకు చూపించుకోవాలట. గుర్తుచేసే నాథుడు లేడు.

ముక్కుసూటి: పరీక్షలు సరే, ఆ తర్వాత? "అంచులో ఉన్నారు, జాగ్రత్త" అని పంపేస్తే ఆ కాగితం బీరువాలోకే.

నిదాననడక: కోపం న్యాయమే. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవారిలో 31 శాతం తక్కువ. కానీ వాళ్ల వెంట ఉండి నేర్పినవారు ఉన్నారు. మనకు దొరికేది ఒక్క వాక్యం.

నర్సమ్మ: ప్రశ్నలపుట్ట గారూ, 9.8 అంటే ముందు రక్తం ఎందుకు తగ్గిందో తేల్చమనండి, ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెర్రిటిన్ కూడా చూడమనండి. అప్పటిదాకా ఆ 6.1 మీద తీర్పు వద్దు. ఇంట్లో వేలు గుచ్చే మీటరుతో కూడా తేల్చుకోకండి.

ప్రశ్నలపుట్ట: గురువారం రమ్మన్నారు, గ్లూకోజు పరీక్షకే. పరగడుపు అంటే మంచినీళ్లు కూడా తాగకూడదా?

నర్సమ్మ: నీళ్లు తాగవచ్చు. టీ, కాఫీ వద్దు.